కర్ణాకర్ ఫిడేలు ఒర్రిన కథ

మా గల్లీలో కర్ణాకర్ పేరు తెలియనివాళ్లు లేరు. సిద్దిపేటలో ఒక రైసుమిల్లుకు సూపర్‌వైజరుగా చేసి, వయసు మీదపడ్డాక మాని ఇంట్లో కూర్చున్నాడు. ఆయన ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉన్నది ఒకటే గోడ. అది కూడా సన్నపు గోడ. అందువల్ల ఆయన బతుకులో సగం నేను అడిగి తెలుసుకున్నది, సగం అడగకుండానే వినపడ్డది.

మిల్లులో ఆయన చేసిన ఘనకార్యాలు ఆయన నోటితోనే వినాలి. ఆయన లేకపోతే జిల్లా మొత్తం వడ్లే నమిలేదన్నట్టు చెప్తాడు. నేను ఒకసారి వడ్లు పట్టించడానికి పోయినప్పుడు చూశాను. పొడుగు ముక్కు నూనె డబ్బా చేతిలో పట్టుకుని, పెళ్లిలో పన్నీరు చల్లేవాడిలాగా మిషన్ల నడుమ తిరుగుతున్నాడు. ఎక్కడ కిర్రుమంటే అక్కడ నూనె. ఆయనకు తెలిసిన విద్య అంతే. కిర్రుమన్నదానికి నూనె పెట్టాలి, పెట్టినా కిర్రుమంటే ఇంకా పెట్టాలి.

మిల్లు మానినప్పుడు ఆ డబ్బా కూడా ఇంటికి వచ్చింది. గేటు, ఉయ్యాల, ఫ్యాను, మడత కుర్చీ, ఏదీ తప్పించుకోలేదు. ఆయన భార్య సుమిత్రమ్మ జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టుమిషనుకు ఎంత నూనె పోశాడంటే, జాకెట్ల మీద మరకలు చూసి గిరాకీ వేరే గల్లీకి పోయింది. ఒకరోజు మా గేటుకు కూడా అడగకుండా పెట్టిపోయాడు. నా కొత్త చీర కొంగు దానికి తగిలి నల్లగైంది. పోయి అడిగితే, గేటు ఎంత మెత్తగా తెరుచుకుంటున్నదో చూడమని నాకే చెప్పాడు. చీర సంగతి ఆయన చెవికి ఎక్కలేదు.

ఇంకొక గుణం ఉంది. వస్తువు చెడిందంటాడు తప్ప తాను చెడగొట్టానని అనడు. స్కూటరు మీద నుంచి పడితే రోడ్డు మంచిది కాదు. బియ్యంలో నూక ఎక్కువైతే వడ్లు మంచివి కావు. వాళ్ల పెళ్లిలో తాళి కట్టేటప్పుడు ముడి జారిపోతే, పీటల మీదే కూర్చుని దారాన్ని తప్పు పట్టాడట. సుమిత్రమ్మ ఇది ఇప్పటికీ చెప్తుంది. మాటలు తక్కువ మనిషి, కాని ఆ తక్కువ మాటల్లోనే మొగుడిని ఉతికి ఆరేస్తుంది.

ఇలాంటి మనిషికి ఫిడేలు పిచ్చి ఎక్కడిది అంటే, అది చిన్నప్పటిది. ఆయన పుట్టి పెరిగింది చింతమడకలో. ఊరికి ఒక హరికథ దాసు వచ్చాడట. దాసు వెనక ఒక ముసలాయన కూర్చుని ఫిడేలు వాయిస్తుంటే, ఈయన పోయి ఆయన మోకాలికి ఆనుకుని కథ అయిపోయేదాకా లేవలేదట. ఇంటికి వచ్చి నాకు ఆ ఫిడేలు కావాలని ఏడిస్తే వాళ్ల బాపు బర్రెలను కొట్టే కట్టె చేతికిచ్చి పంపాడు. ఆ కోరిక మిల్లు దుమ్ములో తిరిగినంత కాలం ఎవరికీ చెప్పలేదు. ఈ ఒక్క సంగతి తలచుకుంటే నాకు కూడా జాలి కలుగుతుంది. ఆయన నోరు తెరిస్తే ఆ జాలి పోతుంది.

మిల్లు మానిన ఏడాదే హైదరాబాదు పోయి ఫిడేలు కొనుక్కొచ్చాడు. ఫిడేలు అంటే ఒప్పుకోడు, వయొలిన్ అనాలి. ఎవరి దగ్గర నేర్చుకుంటావని అడిగాను. జిందగీ అంతా మిషన్లు నడిపినోన్ని, నాలుగు తీగలు నడపలేనా అన్నాడు. గోడకు ఫోను ఆనించి, అందులో ఎవరో వాయిస్తుంటే చూసి, కింద కూర్చుని, ఫిడేలు తల మడమ మీద ఆనించి మొదలుపెట్టాడు. కొత్తలో ఎవరికైనా గీర గీర సప్పుడే వస్తుంది. అది నేను ఓర్చుకున్నాను. కొన్ని నెలలకు అది పాట కాకపోయినా పాటకు దూరపు చుట్టంలాగా వినపడసాగింది.

ఆయన కోరిక ఒకటే. వర్గల్ సరస్వతమ్మ గుడిలో వసంత పంచమి నాడు అమ్మవారి ముందు కూర్చుని వాయించాలి. మా కాలనీ భజన మండలి ఏటా ఆ రోజు వర్గల్ పోయి పాడుతుంది. మండలికి పెద్ద రోజారాణి. ఒక బడిలో పిల్లలకు సంగీతం చెప్తుంది, తానూ చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకున్న మనిషే. నోరు కత్తెర. కర్ణాకర్ వెంట పడి వెంట పడి వేసారించగా, సరే రమ్మని మండలిలో వెనక వరసలో జాగ ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నడక మారింది. కూరగాయలకు పోయినా భుజాన ఫిడేలు పెట్టె ఉండేది. టమాటాలమ్మే ఆమెకు కూడా వర్గల్ సంగతి చెప్పాడు.

ఆ తరువాత దసరా వచ్చింది. అందరూ బండ్లకు, పనిముట్లకు పూజ చేసినట్టే ఆయన ఫిడేలుకు చేశాడు. అందులో తప్పు ఏముంది. మా ఇంట్లో కత్తిపీటకు కూడా బొట్టు పెడతాం. కాని అదే వారంలో గోడ అవతల నుంచి ఒక కొత్త సప్పుడు మొదలైంది. తీగల మీద కమాను గీస్తే ఒకసారి ఏమీ పలకదు, జారిపోతుంది. ఇంకోసారి పీక పిసికినట్టు ఒర్రుతుంది. ఆ ఒర్రుడు వెనక జుయ్ జుయ్ మని ఈగ మోగినట్టు ఇంకొక సప్పుడు. మా ఇంట్లో పిల్లి పీట కింద దూరితే సాయంత్రం దాకా బయటకు రాలేదు.

ఇక చూడండి, కర్ణాకర్ తప్పులు వెతకడం. ముందు వాతావరణం అన్నాడు, చలికి చెక్క ముడుచుకున్నదట. దుప్పటి కప్పాడు. తరువాత వాస్తు అన్నాడు. తూర్పుకు తిరిగి వాయించాడు, ఉత్తరానికి తిరిగి వాయించాడు. ఎటు తిరిగినా అది ఒర్రింది. తరువాత సుమిత్రమ్మ పోపు పొగ తీగలకు పడుతున్నదన్నాడు. ఆమె రెండు పూటలు పచ్చిపులుసు చేసి పెట్టింది, పొగ లేని వంట తినుమని. మూడో పూటకు పొగ తప్పు కాదని తెలిసిపోయింది.

అప్పుడు నా వంతు వచ్చింది. పొద్దున్నే మా వాకిట్లో నిలబడ్డాడు.

“వదినె, నువ్వు కుక్కర్ పెట్టే యాళ్ల జర మార్సుకోవాలె. ఆ విజిలు అచ్చి నా తీగలకు తాకుతుంది.”

“తాకి ఏం జేస్తది?”

“సురం గుంజుకపోతది.”

“నా విజిలు నీ సురాన్ని గుంజుకపోయేటంతదా కర్ణాకర్? మరి నాకు పప్పు ఎట్ల ఉడుకాలె?”

“కుండల పెట్టుకోరాదు,” అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

మరునాడు సరిగ్గా ఆయన కూర్చున్నప్పుడే కుక్కరు పెట్టాను. గోడ అవతల సుమిత్రమ్మ గొంతు వినపడింది. రెండింట్లో రాములవ్వ కుక్కరే, అంటే నాదే, సురంలో ఉన్నదని చెప్తున్నది.

కమానుకు గుర్రం తోక వెంట్రుకలు ఉంటాయి. వాటికి రోజిన్ అని గుగ్గిలం లాంటి ఒక గట్టి బిళ్ల రుద్దితేనే అవి తీగను పట్టుకుని పలికిస్తాయి. ఫోనులో ఎవరో కమాను జారితే రోజిన్ రాయమని చెప్పారట. ఈయనకు ఏ పనీ కొంచెం చేయడం చేత కాదు. ఎంత రుద్దాడంటే, కిటికీలో నుంచి చూస్తే తెల్లటి పొడి ఒడిలో రాలి, పిండిగిర్నీ నడిపినట్టు ఉన్నాడు. అప్పుడు జారడం తగ్గింది, ఒర్రడం పెరిగింది. చివరికి తీగలే నకిలీవని తేల్చి, బస్సెక్కి హైదరాబాదు పోయి కొత్త తీగలు తెచ్చి వేశాడు. నాలుగు రోజులు కొంత నయంగా పలికాయి. గల్లీ అంతా తిరిగి, దుకాణపాయన మోసాన్ని తానెట్లా పట్టుకున్నాడో చెప్పాడు. శుక్రవారం సాయంత్రానికి మళ్లీ మొదలైంది. కొత్త తీగలు ఒర్రిన ఒర్రుడు పాతవాటిని మించింది.

ఆయనను చూసి నవ్వడానికి ఇదంతా బాగుంది కాని, వసంత పంచమి దగ్గర పడుతున్నది. మండలి సాధన మా కాలనీ ఆంజనేయస్వామి గుడిలో జరుగుతుంది. అక్కడ ఈయన కమాను ఎత్తగానే ముందు వరసలో ఆడవాళ్లు కొంగులతో చెవులు మూసుకునేవాళ్లు. రోజారాణి ముందుండి పాడుతుంది కాబట్టి ఆమెకు ఈయన వీపు వెనక ఉంటాడు, సప్పుడే తప్ప మనిషి కనపడడు. పాడుతూ పాడుతూ వెనక్కి తిరగకుండానే రోజిన్ తగ్గించుమని, గట్టిగా ఒత్తొద్దని చెప్పేది. ఒకసారి పాట నడుమ ఆపేసి, అమ్మవారు వీణ పక్కన పెట్టి చెవులు మూసుకుంటుంది అన్నా అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కర్ణాకర్ నవ్వలేదు. ఫిడేలు పెట్టెలో పెట్టి, మూత మీద చేయి ఆనించి, భజన అయిపోయేదాకా అట్లాగే కూర్చున్నాడు. ఆ రోజు ఎవరినీ తప్పు పట్టలేదు కూడా. నాకు అది చూసి కొంచెం భయం వేసింది.

సుమిత్రమ్మ తరువాత చెప్పింది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, వర్గల్‌ల వాయించకుంటే ఇంత కొనుడెందుకు, ఇంత నేర్సుడెందుకు, అప్పుడు మా బాపు ఇచ్చిన కట్టెనే నయముండె అన్నాడట.

ఆ తరువాతి శుక్రవారం పొద్దున రోజారాణి బడికి పోతూ మా గల్లీలో స్కూటీ ఆపింది. వెనక తన వయొలిన్ పెట్టె కట్టి ఉంది. మొహం చూస్తేనే తెలిసింది, మంచి కబురు తేలేదని. అడిగితే, కర్ణాకర్ బదులు ఈసారి వర్షితతో కీబోర్డు వాయింపిద్దామనుకుంటున్నాం, ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు అన్నది. వర్షిత ఇంజనీరింగు చదివే పిల్ల, కీబోర్డు మీద చేయి తిరిగినది. ఇంత పెద్ద మాట నేను లేకుండా జరిగితే ఎట్లా. రెండు కరివేపాకు రెమ్మలు తెంపి, సుమిత్రమ్మకు ఇచ్చే పని కల్పించుకుని ఆమె వెనకే పోయాను.

కర్ణాకర్ దేవుని అర్రలో ఉన్నాడు. తలస్నానం చేసి, పంచె కట్టి, ఫిడేలును పీట మీద పడుకోబెట్టుకుని కూర్చున్నాడు. పక్కన వెలుగుతున్న దీపం కుంది, పసుపు, కుంకుమ. మేము గడపలో నిలబడి చూస్తుండగానే ఉంగరపు వేలు కుందిలోని నూనెలో ముంచాడు. ఆ వేలితో కుంకుమ అద్ది, తీగలను ఎత్తిపట్టే చిన్న చెక్క ఉంటుంది కదా, బ్రిడ్జి అంటారు, దాని మీద బొట్లు పెట్టాడు. తరువాత ఒక్కొక్క తీగ మీద ఒక్కొక్క బొట్టు. తరువాత కమాను ఎత్తి, మళ్లీ వేలు నూనెలో ముంచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వెంట్రుకల మీద పసుపు రాశాడు. రాసి కండ్లకు అద్దుకున్నాడు.

రోజారాణి చెప్పాలని వచ్చిన మాట మరిచిపోయింది.

“అన్నా, ఏం జేస్తున్నరు?”

“పూజ మేడం. కూసోండ్రి.”

“నూనె ఎందుకు?”

“ఉత్త బొట్టు నిలుస్తలేదు, రాలిపోతుంది. నూనెల తడిపితె గట్టిగుంటది.” ఇంత తెలివి మీకెక్కడిది అన్నట్టు మా ఇద్దరినీ చూశాడు. “మల్ల కిర్రుమనేదానికి నూనె మంచిదే గద.”

“ఎప్పటిసంది పెడ్తున్నరు?”

“దసరసంది. ప్రతి శుక్రారం. ఒక్కటి గూడ ఇడువలే.”

రోజారాణి అక్కడే గడప మీద కూలబడింది. కొంచెం సేపు తల పట్టుకున్నది. తరువాత నిమ్మళంగానే చెప్పింది, బడిలో పిల్లలకు చెప్పినట్టు. కమాను తీగను పట్టుకోవాలని రోజిన్ రాస్తాం. మీరు నూనె పెడితే పట్టు జారుతుంది. జారిందని మీరు ఇంకా రోజిన్ రుద్దారు. నూనె, పసుపు, రోజిన్ కలిసి ఆ వెంట్రుకల మీద బంక అయింది. బ్రిడ్జి మీద తీగ కూర్చునే గాట్లలో కుంకుమ ఇసుకలాగా ఇరికింది, ఆ జుయ్ జుయ్ అదే. ఒర్రినకొద్దీ మీరు పూజ పెంచారు, పూజ పెరిగినకొద్దీ అది ఒర్రింది.

కర్ణాకర్‌కు కోపం వచ్చింది. “అంటె అమ్మవారి బొట్టుతోని ఖరాబయిందంటరా?”

“అమ్మవారు నూనె పొయ్యమన్నదా అన్నా? బొట్టు పెట్టుడుంటె పెట్టెకు పెట్టుండ్రి.”

ఆయన సుమిత్రమ్మ వైపు చూశాడు, తన పక్షాన ఒక మాట అంటుందని.

“నా మిషన్ అయిపాయె, రాములవ్వ గేటు అయిపాయె,” అన్నది సుమిత్రమ్మ, “గిదొక్కటి మిగిలి ఉండె.”

రోజారాణి కొంగు నడుముకు చెక్కి పనిలో దిగింది. సుమిత్రమ్మ షుగరు సూదికి వాడే స్పిరిట్ తెప్పించి, గుడ్డకు కొంచెమే అద్ది, చెక్కకు తగలకుండా కింద మందపు కాగితం పెట్టి, ఒక్కొక్క తీగ తుడిచింది. స్పిరిట్ తగిలితే పాలిష్ పోతుందట. తెల్లగుడ్డ పసుపైంది, తరువాత ఎర్రదైంది, తరువాత చూడబుద్ధి కాని రంగయింది. తీగలను కొద్దిగా వదులు చేసి, పాత పండ్లు తోమే బ్రష్షుతో బ్రిడ్జి గాట్లలో నుంచి కుంకుమ రాల్చింది. కమానును వెలుతురుకు పట్టి చూసి, ఇది తుడిస్తే పోయేది కాదు, వెంట్రుకలు మార్పించాలి అని పక్కన పెట్టి, స్కూటీ మీది తన పెట్టెలో నుంచి తన కమాను తెచ్చి ఆయన చేతికిచ్చింది. అంతసేపూ కర్ణాకర్ చేతులు కట్టుకుని, ఇంట్లో దొంగలు పడితే నిలబడ్డట్టు నిలబడి చూశాడు.

“ఇగ వాయించుండ్రి,” అన్నది.

ఆయన కూర్చుని కమాను గీశాడు. నేను చేతిలో కరివేపాకు అట్లాగే పట్టుకుని విన్నాను. ఒర్రుడు లేదు. ఈగ మోత లేదు. తీగ నిండుగా, నున్నగా పలికింది. ఇన్ని నెలలు ఆ గోడ అవతల ఇంత మంచి సప్పుడు దాగి ఉన్నదా అనిపించింది. ఆయన మొహం ఎట్లా విచ్చుకున్నదో చెప్పలేను. మా వైపు ఒక చూపు చూసి, జోరు మీద వేళ్లు కదిలించి సరిగమ ఎత్తుకున్నాడు.

స వచ్చింది. రి రాలేదు. రికి అటుపక్క ఇంకేదో వచ్చింది. గ అయితే ఎక్కడికో పోయి, దారి అడిగి వెనక్కి వచ్చినట్టు వచ్చింది. మ, ప సంగతి నేను రాయను. నాకు సంగీతం రాదు, కాని చెవులున్నాయి. ఇన్ని రోజులు ఒర్రుడులో కలిసిపోయింది కాబట్టి తెలియలేదు. ఇప్పుడు అద్దం తుడిచి చూపించినట్టు ప్రతి తప్పూ తేటగా వినపడింది. పాపం ఆయనకు కూడా వినపడింది. సగంలోనే ఆగిపోయాడు.

కర్ణాకర్ ఫిడేలును అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. తీగలు బిగించే మరలు పట్టి చూశాడు. పైన ఫ్యాను వైపు చూశాడు, అది తిరగడం లేదు. నా వైపు చూశాడు, నా చేతిలో కుక్కరు లేదు. చివరికి కమాను దొరికింది.

“గీ కమాను నాది గాదు గదా,” అన్నాడు.

“ఏలు నీదే గద,” అన్నది సుమిత్రమ్మ.

రోజారాణి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తీగ తప్పు పోయింది అన్నా, మిగిలింది మీ చేతి తప్పు, ఫోను ముందు కూర్చుంటే అది పోదు, నా దగ్గర పిల్లలతో కలిసి మొదటి నుంచి నేర్చుకోండి అని చెప్పింది. అప్పుడు తాను వచ్చిన పని గుర్తుకొచ్చి, వర్షిత కీబోర్డు సంగతి కూడా దాచకుండా చెప్పేసింది. కర్ణాకర్ తల వంచుకుని విన్నాడు. కమాను మాత్రం వదలలేదు. ఆమెది ఆమెకు తిరిగి ఇవ్వాలన్న సోయి కూడా లేదు. రోజారాణి ఆ చేతి వైపే చూసింది.

“ఒక్క పని అయితదా అన్నా? రి వద్దు, గ వద్దు. ఉత్త స. భజన మొదలైనకాన్నుంచి అయిపొయ్యేదాక అదొక్కటి గుంజాలె. ఫోన్ల పెట్టుకునే శృతి ఆ జనంల ఇనవడది. మాకు ఆసరా ఉంటది.”

“ఒక్క సురమా?” కర్ణాకర్ గొంతులో పాత బింకం కొంచెం లేచింది. “గది గూడ వాయించుడేనా మేడం?”

“జేసి సూపెట్టుండ్రి,” అని, బడికి ఆలస్యమవుతున్నదని తన కమాను ఆయనకే వదిలి ఆమె వెళ్లిపోయింది.

ఆ పూట ఆయన అన్నం తినకుండా కోమటి చెరువు కట్ట మీదికి పోయాడు. ఎంతసేపు తిరిగాడో, కొలిచి చెప్పడానికి నేను వెంట పోలేదు. పోవాలని ఉండె కాని మోకాళ్లు ఒప్పుకోలేదు. నేను అనుకున్నది ఒకటే, ఇక ఆ పెట్టె అటకెక్కుతుంది, ఈయన ఏ హార్మోనియమో కొని దాని తిత్తికి నూనె పెడతాడు అని.

పొద్దు గూకే ముందు గోడ అవతల స మొదలైంది.

ఒక్క సురమే కదా, అందులో ఏముంది అనుకున్నాను. వింటే తెలిసింది. కమాను ఈ కొస నుంచి ఆ కొసకు పోయి తిరిగేటప్పుడు తెగుతుంది. ఒత్తితే గీర వస్తుంది, వదిలితే వణుకుతుంది. మిల్లు మిషన్ల మీద అధికారం చేసిన మనిషికి ఒక్క తీగ లొంగలేదు. ఆ రోజు లొంగలేదు, మరునాడు లొంగలేదు. నేను వాకిట్లో నిలబడి, కర్ణాకర్ నీ స కు చలి పెట్టినట్టుంది, ఏదన్నా కప్పరాదు అని కేక వేశాను. ఎప్పుడూ మాటకు మాట అనే మనిషి. ఈసారి మాత్రం మళ్లీ మొదటి నుంచి గీశాడు.

వసంత పంచమికి ఒక బండి మాట్లాడుకుని అందరం వర్గల్ పోయాం. ఆ రోజు అక్కడ జనం సంగతి చెప్పాలా. ఎక్కడ చూసినా తల్లుల ఒళ్లో పిల్లలు, పలకలు, అక్షరాలు దిద్దించే అయ్యగార్లు. చేయి పట్టి దిద్దిస్తుంటే సగం మంది పిల్లలది ఏడుపు. ఆ గోలలో మా మండలి ఒక వార కూర్చున్నది. ముందు వరసలో రోజారాణి, పక్కన వర్షిత కీబోర్డు, వెనక కర్ణాకర్. పట్టు అంచు పంచె కట్టుకుని, పెద్ద విద్వాంసుడి లెక్క కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి నాకు నవ్వు ఆగలేదు. ఒక్క తీగకు ఇంత వేషమా అని పక్కామెకు చెప్పాను.

స మొదలైంది. పాటలు ఒకటి వెనక ఒకటి నడిచాయి. ఆడవాళ్లు హుషారులో గొంతు పెంచి ఎక్కడికో పోతుంటే, వెనక నుంచి ఆ స నిలబడి వాళ్లను జాగకు తెచ్చేది. ఈ మాట నేను ఒప్పుకోవలసి వస్తున్నది. నడుమ ఒక పాటలో మాత్రం కమాను జారి, పాత ఒర్రుడు ఒక్కసారి లేచింది. దగ్గర ఉన్న చంటి పిల్లవాడు పలక వదిలేసి ఇటు చూశాడు. కర్ణాకర్ కండ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ తీగ పట్టుకుని చివరి దాకా నిలబెట్టాడు. మంగళహారతి అయ్యాక రోజారాణి వెనక్కి తిరిగి తల ఊపింది. అంతే. పొగడలేదు. ఆమె ఎవరినీ పొగడదు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. పెట్టె ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తున్నాడు. నాకు నోరు ఊరుకోలేదు. ఆయనకు ఇష్టమైన దారి నేనే చూపించాను.

“నడుమల ఒర్రింది గద కర్ణాకర్. మైకు మంచిగ లేనట్టుంది.”

సుమిత్రమ్మ కూడా తల తిప్పి చూసింది, ఏమంటాడో అని.

“మైకు మంచిగనే ఉండె వదినె,” అన్నాడు. “నా సెయ్యే జారింది.”

బండిలో అందరం విన్నాం. సుమిత్రమ్మ సంచిలో నుంచి పులిహోర పొట్లం తీసి ముందు ఆయనకే ఇచ్చింది.

ఇప్పుడు ఆయన సాయంత్రాలు రోజారాణి ఇంటికి పోయి, చిన్న పిల్లల నడుమ కూర్చుని మొదటి పాఠం చెప్పించుకుంటున్నాడు. ఆ పిల్లలు రెండో పాఠానికి పోయారు, ఈయన పోలేదు. పొద్దున్నే గోడ అవతల నుంచి అదే స. గీర లేదు, వణుకు లేదు, బాగానే ఉంటుంది, కాని మనిషి ఎంతసేపని ఒక్క స వింటాడు. మొన్న ఉండబట్టలేక, రి ఎప్పుడొస్తది కర్ణాకర్ అని గోడ మీదుగా అడిగాను. స ఇంకా అయిపోలే వదినె అన్నాడు.